నక్క తొడుగు పువ్వు – గుండె మాత్ర
(సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వయసువారిలో గుండెకు మందులు వాడేవారు తక్కువేమీ కాదు. కొందరి మందుల డబ్బాలో డిగాక్సిన్ అనే చిన్న మాత్ర ఉంటుంది. లానాక్సిన్ అన్నా అదే. అది ఒక పూల మొక్క నుంచి వచ్చిందనీ, ఆ మొక్క నిలువెల్లా విషమనీ చాలామందికి తెలియదు. మాత్ర మింగే తీరుకు ఆ మొక్క కథతో పని ఉంది కనుక, ముందు కథే చెబుతాను.

మొక్క పేరు ఫాక్స్‌గ్లవ్. నక్క చేతి తొడుగు అని అర్థం. నక్కకూ దీనికీ సంబంధం ఏమిటో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. పువ్వు మాత్రం వేలికి తొడుక్కునేలా ఉంటుంది. అందుకే 1542లో జర్మన్ శాస్త్రవేత్త లియోన్‌హార్ట్ ఫుక్స్, వేలుకు లాటిన్‌లో ఉన్న మాట నుంచి డిజిటాలిస్ అని పేరు పెట్టాడు. దీని పుట్టిల్లు పశ్చిమ ఐరోపా. సాధారణంగా రెండేళ్ళ మొక్క. మొదటి ఏడు నేలనంటి గుండ్రంగా పరచుకున్న నూగు ఆకులే. రెండో ఏడు నిలువెత్తు కాడ లేచి, గంటల్లాంటి ఊదా పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటూ పోతాయి. విత్తనం ఆవగింజ కంటే ఎంతో చిన్నది. మన్ను కప్పకుండా పైపైన చల్లాలి, మొలవడానికి వెలుతురు కావాలి. చల్లని వాతావరణం, నీరు నిలవని నేల ఉండాలి. మన దేశంలో కాశ్మీరులో, నీలగిరులలో సాగు చేశారు. మన ఎండలకు ఇది ఆగదు.

ఒళ్ళంతా నీరు పట్టే జబ్బుకు ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ రహస్యంగా ఉంచుకున్న మందు ఉండేది. 1775లో దాని గురించి విలియం విదరింగ్ అనే డాక్టరు అభిప్రాయం అడిగారు. ఇరవై, అంతకు పైన మూలికలున్నా, పనిచేసేది ఫాక్స్‌గ్లవేనని ఆయన పోల్చుకున్నాడు. నా దృష్టిలో ఆయన గొప్పతనం అది కాదు. తరువాత పదేళ్ళు ఓపికగా కొలత కోసం వెతికాడు. ఎవరికి ఎంత ఇస్తే నయమైందో, ఎవరికి వికటించిందో రాసుకుని, విఫలమైన కేసులతో సహా 1785లో అచ్చువేశాడు. మూత్రం మీద గాని, కడుపు మీద గాని, నాడి మీద గాని, విరేచనం మీద గాని మందు ప్రభావం కనబడగానే ఆపేయమన్నాడు. ఎక్కువైతే వస్తువులు పసుపుగా, ఆకుపచ్చగా కనిపిస్తాయని కూడా అప్పుడే రాశాడు.

1930లో సిడ్నీ స్మిత్ ఇదే కుటుంబపు మరో మొక్క, డిజిటాలిస్ లనాటా నుంచి డిగాక్సిన్‌ను వేరు చేశాడు. అది గుండె గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది, వేగాన్ని తగ్గిస్తుంది. 1997లో వెలువడిన పెద్ద పరిశీలనలో 6,800 మంది రోగులను పరిశీలిస్తే ఈ మందుతో ఆయుష్షు పెరగలేదు గాని, గుండె నీరసం ముదిరి ఆసుపత్రి పాలవడం తగ్గింది. కొత్త మందులు వచ్చాక వాడకం తగ్గినా, ఇది పోలేదు.

ఇక మనకు కావలసిన మాట. మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య ఎడం ఇందులో చాలా తక్కువ. మాత్రలో ఉండేది 0.25 మిల్లీగ్రాము, అంటే గ్రాములో నాలుగు వేలవ వంతు. మూత్రపిండాలు బాగుంటేనే, ఒంట్లో ఉన్నదానిలో సగం పోవడానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది. వయసుతో అవి మందగిస్తే నిన్నటిదీ మొన్నటిదీ పేరుకుంటుంది. అందుకే మన డాక్టర్లు కొందరు వారానికి 5 రోజులే వేసుకోమంటారు. ఇంట్లోవాళ్ళేమో మందు మానకూడదని మిగిలిన రెండు రోజులూ ప్రేమగా అందిస్తారు! మరచిపోయిన మాత్రకు రెట్టింపు వేసుకోవడమూ అంతే ప్రమాదం. లాసిక్స్ వంటి నీటి మాత్రలతో పొటాషియం తగ్గితే విషం ఇంకా త్వరగా తలకెక్కుతుంది. దగ్గుకని రోజూ నమిలే అతిమధురం కూడా పొటాషియాన్ని తగ్గిస్తుంది. కొన్ని యాంటీబయాటిక్‌లతోనూ డిగాక్సిన్ పెరుగుతుంది. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఈ మాత్ర పేరు ముందే చెప్పండి.

అన్నిటికంటే నాకు భయం కలిగించేది ఒకటుంది. మోతాదు మించినప్పుడు తరచు మొదట పోయేది ఆకలి. తరువాత వికారం, నీరసం, తికమక. ఇంట్లో అందరూ "పెద్దవారు కదా, తిండి సయించడం లేదు" అని సరిపెట్టుకుంటారు. అది వయసు కాకపోవచ్చు, మాత్ర కావచ్చు. రక్తంలో డిగాక్సిన్, పొటాషియం, క్రియాటినిన్ చూస్తే చాలావరకు తేలుతుంది.

మొక్క మందే కదా, ఆకు కషాయం తాగితే పోలేదా అనేవారూ ఉన్నారు. ఏ ఆకులో ఎంత విషం ఉందో కంటితో చెప్పలేం. మన పెరటి గన్నేరులో, పచ్చ గన్నేరు పప్పులో ఉన్నదీ ఈ జాతి విషమే. దాని సంగతి మన పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

ఈ మాత్ర వాడేవారు రోజూ ఉదయం నిమిషం పాటు నాడి చూసుకోండి. 60 కంటే తగ్గినా, తడబడినా, ఆకలి చచ్చినా, ఆ రోజు మాత్ర వేసుకోకముందే మీ డాక్టరుగారికి ఫోను చేసి అడగండి. సొంతంగా పెంచడం, మానేయడం రెండూ వద్దు. మీకు మాత్రలు అందించే కోడలికో మనవడికో ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించండి.