తెర మీది తీర్పులు, తెర వెనుక ఆంక్షలు

(కొండపాకలో జరిగిన మైనారిటీ హక్కుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈనాడు మనం రెండు విషయాలను ఆలోచించవలసి ఉన్నది. టెలివిజన్ వార్తలు ఒక సమాజాన్ని విచారణ లేకుండానే దోషిగా నిలబెట్టడం మొదటిది. ప్రశ్నించే పత్రికలపై, చానెళ్లపై ప్రభుత్వాలు కక్ష గట్టడం రెండవది. మొదటిదే మన సమస్య అనీ, రెండవది పత్రికల వారి సమస్య అనీ మనలో చాలామంది తలుస్తుంటారు. ఆ తలపు సరికాదు. అధికారాన్ని ప్రశ్నించవలసిన వార్త అధికారానికి సేవ చేయడం మొదలుపెట్టినప్పుడే ఈ రెండు రుగ్మతలూ పుట్టుకొస్తాయి. బలహీనుల వైపు వేలు చూపడమే ఆ సేవలో అన్నిటికన్నా సులువైన పని.

ఒక వ్యాధికి మతం అంటగట్టిన కాలం

2020 మార్చి నెలను గుర్తు చేసుకుందాం. మన రాజీవ్ రహదారి వెంట సాగితే వచ్చే కరీంనగర్‌లో, ఇండోనేషియా నుంచి వచ్చిన ధర్మ ప్రచారకులకు కరోనా సోకినట్లు తేలింది. అది వైద్యులూ ఆరోగ్య సిబ్బందీ పరిష్కరించవలసిన విషయం. ఆ నెలాఖరుకు ఢిల్లీలోని నిజాముద్దీన్ మర్కజ్ వార్త వెలువడింది. ఇక అక్కడి నుంచి దేశంలోని అనేక చానెళ్లలో వ్యాధి వెనుకకు పోయి మతం ముందుకు వచ్చింది. ‘కరోనా జిహాద్’ అనే మాట ఇంటింటికీ చేరింది. పలు రాష్ట్రాలలో కూరగాయలు, పండ్లు అమ్ముకునే ముస్లింలను పేరు అడిగి వెళ్లగొట్టారు. నిజాముద్దీన్ ఎక్కడున్నదో ఎరుగని బండివాడు దాని శిక్షను తన వీధిలో అనుభవించాడు.

తరువాత న్యాయస్థానాలు ఏమన్నాయి? 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, విపత్తు వేళ బలిపశువులను వెదకుతారనీ, వీరిని ఆ విధంగా ఎంచుకున్నట్లు కనిపిస్తున్నదనీ అభిప్రాయపడింది. మీడియాలో సాగిన దుష్ప్రచారాన్ని కూడా ఎత్తిచూపింది. అదే సంవత్సరం డిసెంబరు 15న ఢిల్లీ న్యాయస్థానం 36 మంది విదేశీయులను నిర్దోషులుగా ప్రకటించింది. వారికి ఆశ్రయమిచ్చారన్న ఆరోపణపై 70 మంది భారతీయుల మీద దాఖలైన 16 అభియోగ పత్రాలను ఢిల్లీ హైకోర్టు 2025 జులై 17న రద్దు చేసింది. ఆరోపణకు రాత్రింబవళ్లు తెర దొరికింది. ఐదేళ్ల తరువాత వచ్చిన తీర్పుకు దొరికిన చోటు ఎంత? పక్షపాతాన్ని కొలిచే త్రాసు ఇదే.

ఇది కొత్త కథ కూడా కాదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో 9 మంది, ఆ వెంటనే జరిగిన పోలీసు కాల్పుల్లో 5 మంది అసువులు బాసారు. నమాజుకు వచ్చినవారే మరణించారు. అనుమానంతో పట్టుకుపోయినదీ మన యువకులనే. విచారణ ముగియకముందే వారికి ఉగ్రవాదులన్న పేరు పడింది. ఆ తరువాత న్యాయస్థానాలు వారిని నిర్దోషులన్నాయి. కానీ పోయిన ఉద్యోగాన్ని, చెడిన పెళ్లి సంబంధాన్ని, ఇల్లు అద్దెకు ఇవ్వని యజమాని మనసును ఏ తీర్పు తిరిగి తెచ్చి ఇవ్వగలదు?

అసత్యం కన్నా మౌనం ప్రమాదం

పక్షపాతం అంటే అబద్ధం చెప్పడం ఒక్కటే కాదని గ్రహించాలి. నిందితుడు మన మతంవాడైతే పేరు శీర్షికలోకి ఎక్కుతుంది. కాకపోతే ‘ఓ యువకుడు’ అవుతాడు. రుజువు లేని ఆరోపణకు చివర ప్రశ్నార్థకం తగిలించి నింద మోపుతారు, బాధ్యత మాత్రం తప్పించుకుంటారు. చర్చకు ఎనిమిది మందిని పిలిచి, కోపిష్టి అయిన ఒకరిని మన ప్రతినిధిగా కూర్చోబెట్టి, ఆయన చేత అరిపించి, ఆ అరుపునే సమాజపు గొంతుగా చూపుతారు.

అన్నిటికన్నా లోతైన గాయం మౌనం. తెలంగాణ ముస్లింల సామాజిక, ఆర్థిక, విద్యా స్థితిగతులను పరిశీలించిన సుధీర్ కమిషన్ 2016లో నివేదిక ఇచ్చింది. చదువు మానేసే పిల్లలు, బ్యాంకు రుణం అందని చేతివృత్తులవారు, అద్దె గదుల్లో బతికే కుటుంబాలు అందులో ఉన్నారు. వీటిపై ఎన్ని సాయంత్రాల చర్చలు విన్నాం? మన బడి, మన ఉపాధి, మన వక్ఫ్ భూములు వార్త కావు. మన గడ్డం, మన బురఖా, మన మాంసం వార్త అవుతాయి. పొరుగింటి హిందూ సోదరుడు మనల్ని తెర మీద ఆ రూపంలోనే చూస్తూ ఉంటే, ఏళ్ల తరబడి పంచుకున్న పీర్ల పండుగలు, పెళ్లి విందులు కూడా ఆ బొమ్మ ముందు వెలవెలబోతాయి.

ప్రశ్నించిన గొంతుపై ప్రభుత్వాల పట్టు

ఇక రెండవ విషయం. ఇందులో ఒక పార్టీని నిందించి మరొక పార్టీని మెచ్చుకునే అవకాశం చరిత్ర మనకు ఇవ్వలేదు. తెలంగాణ ఏర్పడిన నెలలోనే, 2014 జూన్‌లో, శాసనసభ్యులపై ప్రసారమైన ఒక వ్యంగ్య కార్యక్రమం తరువాత కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానెళ్లను నిలిపివేశారు. ఆ కార్యక్రమం అభ్యంతరకరమని భావించినవారు అనేకులు. అయినా దానికి మార్గం ఫిర్యాదు, న్యాయస్థానం. తీగ కత్తిరించడం కాదు. అదే సెప్టెంబరు 9న వరంగల్‌లో, మన గజ్వేల్ నియోజకవర్గం నుంచే ఎన్నికైన నాటి ముఖ్యమంత్రి, తెలంగాణను అవమానించే మీడియాను పాతిపెడతామన్న ధోరణిలో బహిరంగంగా హెచ్చరించారు.

పొరుగు రాష్ట్రంలో 2016లో కాపు ఉద్యమ వేళ సాక్షి ప్రసారాలు ఆగిపోయాయి. 2019లో అధికారం మారగానే టీవీ5, ఏబీఎన్‌ల వంతు వచ్చింది. 2021 మేలో ఆ రెండు చానెళ్లపై రాజద్రోహం కేసు కూడా పెట్టగా, సుప్రీంకోర్టు వాటిపై కఠిన చర్యలు వద్దని ఆదేశించింది. 2024లో మళ్లీ అధికారం మారగానే సాక్షి, టీవీ9, ఎన్టీవీలు పలుచోట్ల కనిపించకుండా పోయాయి. 2025 మార్చిలో ఒక రైతు ముఖ్యమంత్రిని దూషించిన వీడియో విషయమై హైదరాబాద్‌లో ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. జెండాలు మారాయి గాని పద్ధతి మారలేదు.

దేశం మీద చూపు సారిస్తే ఇంకా బాధ కలుగుతుంది. హత్రాస్‌లో దళిత యువతిపై జరిగిన ఘోరాన్ని రాయబోయిన కేరళ జర్నలిస్టు సిద్దీఖ్ కప్పన్‌ను 2020 అక్టోబరు 5న దారిలోనే పట్టుకున్నారు. ఆయన జైలు నుంచి వెలుపలికి వచ్చినది 2023 ఫిబ్రవరి 2న. రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ 2025 సూచీలో 180 దేశాలలో మన దేశానిది 151వ స్థానం.

రెండు కేసులు, ఒక పాఠం

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. ‘మనల్ని దూషించే చానెల్‌ను ఆపమని మనమే కోరుతున్నాం కదా, మరి ప్రభుత్వం చానెళ్లను ఆపితే తప్పు ఎలా అవుతుంది?’ అని. సమాధానం రెండు కేసులలో ఉన్నది.

2020 సెప్టెంబరులో సుదర్శన్ టీవీ, సివిల్ సర్వీసులలోకి ముస్లింలు ‘చొరబడుతున్నారు’ అంటూ వరుస కార్యక్రమం ప్రసారం చేసింది. రాత్రింబవళ్లు చదివి పరీక్ష నెగ్గిన పిల్లవాడిని కుట్రదారుగా చిత్రించింది. సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మిగిలిన భాగాలను తాత్కాలికంగా ఆపింది. అది బహిరంగ న్యాయస్థానంలో, కారణం చెప్పి, చానెల్ వాదన వినిపించుకునే అవకాశమిచ్చి చేసిన పని.

2022 జనవరి 31న మలయాళ చానెల్ మీడియావన్ ప్రసారాలు ఆగిపోయాయి. భద్రతా అనుమతి లేదన్నారు. ఎందుకు లేదంటే చెప్పలేదు. కారణాలను సీల్డు కవరులో పెట్టి న్యాయమూర్తులకు మాత్రమే ఇచ్చారు. తనపై ఉన్న ఆరోపణ ఏమిటో ఆ చానెల్‌కే తెలియదు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ప్రభుత్వ విధానాలను విమర్శించడం దేశానికి వ్యతిరేకం కాదనీ, జాతీయ భద్రత అనే మాటను గాలిలోంచి తెచ్చి హక్కులను హరించరాదనీ స్పష్టం చేసింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ హిమా కోహ్లీ అంతకుముందు మన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారు.

భేదం ఇప్పుడు స్పష్టం. ఒక సమాజంపై ద్వేషం రెచ్చగొట్టడం వేరు, ప్రభుత్వాన్ని విమర్శించడం వేరు. కారణం చెప్పి చట్టప్రకారం అడ్డుకోవడం వేరు, మూసిన కవరుతో గొంతు నొక్కడం వేరు. మనం మొదటిదానిని కోరుదాం, రెండవదానిని ఎవరి మీద ప్రయోగించినా ఎదిరిద్దాం.

ఈ ధర్మాన్ని మనకు నేర్పినవాడు మన గడ్డ మీదనే పుట్టాడు. షోయబుల్లా ఖాన్ ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రిక సంపాదకుడు. నాడు రాజు ముస్లిం, రజాకార్లూ ముస్లింలే. అయినా అన్యాయం అన్యాయమే అని వ్రాశాడు. 1948 ఆగస్టు 22న హైదరాబాద్‌లో ఆయన చేయి నరికి, కాల్చి చంపారు. ‘మనవారి’ ప్రభుత్వమని ఆయన కలాన్ని దాచుకోలేదు. నేడు మనకు నచ్చిన పార్టీ అధికారంలో ఉన్నదని మనమూ నోరు దాచుకోరాదు.

మనం చేయవలసినవి

దుర్మార్గుడు వార్త తెస్తే విచారించి తెలుసుకోమని ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో ఆదేశిస్తుంది. ఆ ఆదేశం ముందుగా మన వాట్సాప్‌కు వర్తిస్తుంది. మనపై అబద్ధాన్ని ఖండించే మనం, ఇతరులపై అబద్ధాన్ని పంపరాదు.

రెండవది, కోపాన్ని ఫిర్యాదుగా మార్చాలి. ద్వేషపూరిత కార్యక్రమం కనిపిస్తే చానెల్ పేరు, తేదీ, సమయం వ్రాసుకోండి; వీడియో భద్రపరచండి. ఏడు రోజులలోపు ముందుగా ఆ చానెల్‌కే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. స్పందన సరిగా లేకపోతే, ఆ చానెల్ సభ్యురాలైన పక్షంలో వార్తా ప్రసారాల ప్రమాణాల సంస్థ ఎన్‌బీడీఎస్‌ఏకు వెళ్లవచ్చు. ఇది వృథా ప్రయాస కాదు. తబ్లీగీ ప్రసారాలపై బెంగళూరు పౌరులు చేసిన ఫిర్యాదు మీద 2021 జూన్‌లో న్యూస్18 కన్నడకు లక్ష రూపాయలు, సువర్ణ న్యూస్‌కు 50 వేల రూపాయలు జరిమానా పడింది. 2024 ఫిబ్రవరిలో ‘లవ్ జిహాద్’ కార్యక్రమాలపై టైమ్స్ నౌ నవభారత్‌కు లక్ష, న్యూస్18 ఇండియాకు 50 వేలు విధించారు. జరిమానా చిన్నదే కావచ్చు, కానీ తప్పు తప్పేనని కాగితం మీదికి ఎక్కింది.

మూడవది, 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం మతాలను, సమాజాలను కించపరిచే ప్రసారాలను నిషేధిస్తున్నది. ఆ చట్టం కింద కలెక్టరు అధీకృత అధికారి. ఆ కార్యాలయం ఎక్కడో లేదు, మన దుద్దెడలోనే ఉన్నది. విద్వేష ప్రసంగాలపై ఫిర్యాదు లేకున్నా పోలీసులు తామే కేసు నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకూ ఆదేశమిచ్చింది. ఈ రెండు మాటలను వినతిపత్రంలో వ్రాయడం మన యువకులు నేర్చుకోవాలి.

నాలుగవది, సత్యం చెప్పే చిన్న పత్రికకు చందా కట్టండి. పిల్లలలో ఒకరినైనా జర్నలిజం చదివించండి. మన గురించి ఇతరులు వ్రాయడమే తప్ప మన పిల్లలు కలం పట్టని కాలం ముగియాలి. వారు వ్రాసేటప్పుడు దళితుల బాధను, రైతుల బాధను, ఆదివాసుల బాధను కూడా వ్రాయాలి.

చివరగా ఒక్క మాట. ఈ ఊరిలో మన పక్కన ఉన్నవారికి మనల్ని తెర పరిచయం చేయనవసరం లేదు. మనమే వెళ్లి పలకరిద్దాం. వారి కష్టంలో ముందుందాం, మన గడపకు పిలుద్దాం. ఎదుటి మనిషిని కళ్లారా ఎరిగినవాడిని ఏ యాంకరూ సులువుగా నమ్మించలేడు. సత్యాన్ని పలికే ధైర్యాన్ని, ఇతరుల సత్యాన్ని వినే సహనాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.