గొంతును దాచిన గ్రంథాలయాలు



గ్రంథాలయం అనగానే పుస్తకమే స్ఫురిస్తుంది. తాళపత్రం మొదలు అచ్చు పుస్తకం వరకు అక్షరానికి ఆయుష్షు ఎక్కువ. పలికిన మాటకు ఆ అదృష్టం లేదు. తమిళ, కన్నడ సీమల నడుమ తరతరాలుగా నిలిచిన హోసూరు తెలుగును కాగితంపై ఎంత శ్రద్ధగా వ్రాసినా, ఆ పలుకుబడిలోని సాగదీత, విరుపు, వాక్యాంతపు స్వరం లిపికి అందవు. గత శతాబ్దంలో కొన్ని విశ్వవిద్యాలయాలు పుస్తకాల సరసన ధ్వనికి, దృశ్యానికి చోటివ్వడం ఇందువల్లనే.

అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం వాటిలో ఒకటి. జార్జ్ హెర్జోగ్ అనే పండితుడు 1936లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆరంభించిన సంప్రదాయ సంగీత భాండాగారం 1948లో ఆయనతోపాటు అక్కడికి చేరింది. మైనపు గొట్టాలపై ముద్రించిన పాటలూ మాటలే అందులో సుమారు 7,000 ఉన్నాయి. తరువాతి దశాబ్దాలలో గ్రామఫోను పళ్లాలు, టేపు చుట్టలు, కేసెట్లు, వీడియోలు వేర్వేరు శాఖల బీరువాలలో పేరుకున్నాయి. 2009లో లెక్క తీయగా ఒక్క బ్లూమింగ్టన్ ప్రాంగణంలోనే ఇటువంటివి 5 లక్షల 60 వేలకు పైగా తేలాయి.

సంఖ్య గొప్పదే గాని, అసలు దిగులు వాటి ఆరోగ్యాన్ని గురించినది. మైనానికి బూజు పడుతుంది. పళ్లెం మీది పూత పగిలి పెచ్చులుగా ఊడుతుంది. టేపుపై అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చి బంకవలె సాగుతుంది. అటువంటి టేపును వినాలంటే ముందుగా సుమారు 50 డిగ్రీల వెచ్చదనంలో గంటల తరబడి ఆరబెట్టాలి. పాత ఫిల్ము పులిసి వినెగరు వాసన వేస్తుంది. అన్నీ క్షేమంగా ఉన్నా, వినిపించే యంత్రం ఉండదు. జపానుకు చెందిన ఫునాయి సంస్థ 2016 జూలైలో వీసీఆర్‌ల తయారీని నిలిపివేసింది. ఎన్ని ఇళ్లలో పెళ్లి వీడియోలు చూసే దిక్కులేక అటకెక్కాయో!

ఇండియానా వారు 2013లో కోటీ 50 లక్షల డాలర్లు కేటాయించి ఆ నిధిని కంప్యూటరులోకి మార్చడానికి పూనుకొని, 3 లక్షలకు పైగా వస్తువులను కాపాడుకున్నారు. హక్కుల నియమాల వలన అన్నింటినీ అందరికీ వినిపించరు. అది న్యాయమే, పాడినవారి ఇష్టానికి విలువ ఉండవద్దా?

తెలుగువారికి మరింత దగ్గరి సంగతి షికాగో విశ్వవిద్యాలయానిది. గ్రియర్సన్ భారతీయ భాషా పరిశీలన సంపుటాలకు మదరాసు రాష్ట్రాన్ని నేరుగా సర్వే చేయలేదు. అయితే 1913 నుండి 1929 వరకు పలు ప్రాంతాలలో గ్రామఫోను పళ్లాలపై పలుకులు ముద్రించినపుడు మదరాసు భాషలూ చేరాయి. వాటిలో తెలుగు ఉంది. తప్పిపోయిన కుమారుని కథనే అనేక భాషలవారిచేత చెప్పించడం వలన ఉచ్చారణలను పోల్చి చూడటం సులువైంది. బ్రిటిష్ లైబ్రరీలోని ఆ పళ్లాల నుండి 97 భాషలు, మాండలికాలకు చెందిన 242 నమూనాలను షికాగో వారి దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయం అందరికీ అందుబాటులోకి తెచ్చింది. నూరేళ్ల నాటి తెలుగు ఉచ్చారణను నేటి పిల్లవాడు తన చెవులతో వినగలుగుతున్నాడంటే అది సామాన్యమైన మేలు కాదు.

అంతటి నిధి ఏ పాఠశాలకూ ఉండదు. కాని వార్షికోత్సవాలలో పిల్లలు ఆడిన నాటకాలు, పెద్దలు చేసిన ప్రసంగాలు, ముసలమ్మలు పాడిన మంగళహారతులు పూర్వ విద్యార్థుల ఇళ్లలో కేసెట్లలో ఇంకా ఉన్నాయి. అవి పలికే తెలుగు బెజవాడ తెలుగూ కాదు, వరంగల్లు తెలుగూ కాదు, ఈ ఊరిది. దానిని ఏ దూరపు విశ్వవిద్యాలయమూ వచ్చి భద్రపరచబోదు.

అందుచేత ఈ ప్లాటినం జూబిలీ సంవత్సరంలో పాఠశాల గ్రంథాలయం అటువంటి కేసెట్లను స్వీకరిస్తుంది. ప్రతి పెట్టెపై మాట్లాడినవారి పేరు, ఊరు, తేదీ వ్రాసి, వారిని గాని వారి కుటుంబీకులను గాని సంప్రదించి అనుమతి పత్రం జతచేయగలరు. తేదీ తెలియకపోతే, అది ఏ సందర్భమో వ్రాసినా చాలు. ప్రతి ఒక్కదానికి రెండేసి నకళ్లు తీసి వేర్వేరు చోట్ల ఉంచుతారు. అసలు కేసెట్ తిరిగి ఇంటివారికే చేరుతుంది.