మన అవ్వల మాట మనమే రాయాలి
(ముదిగొండలో జరిగిన యువజన సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



డిగ్రీ తర్వాత ఏం చదవాలని మీరు అడిగినప్పుడల్లా బీఈడీ, నర్సింగ్, గ్రూప్స్ అని చెబుతూ వస్తున్నాం. అవన్నీ కావలసినవే. ఈ రోజు మాత్రం మన గూడేల్లో, తండాల్లో పెద్దగా ఎవరూ చెప్పని ఒక చదువు గురించి మాట్లాడతాం. జెండర్, లైంగికత, సంస్కృతి కలిపి పీజీలో చదివే చదువు అది.

పేరు కొత్తగా ఉన్నా విషయం మనకు కొత్త కాదు. పుట్టుకతో వచ్చేది శరీరం. ఆడవాళ్లు ఇది చేయాలి, మగవాళ్లు అది చేయకూడదు అని ఊరు పెట్టిన కట్టుబాటు జెండర్. ఎవరిని ఇష్టపడతాం, ఎవరితో బతకాలనుకుంటాం, దానికి సమాజం ఏ హద్దులు గీస్తుంది అన్నది లైంగికత. ఇవన్నీ మన పాటలో, పండుగలో, పెళ్లిలో ఎలా కలిసిపోయి ఉంటాయో చూడడమే సంస్కృతి అధ్యయనం.

మన దగ్గరే చూద్దాం. కొమ్ము నృత్యంలో కొమ్ములు కట్టుకుని డోలు కొట్టేది మగవాళ్లు. మేడారంలో సమ్మక్క, సారలమ్మ ఇద్దరూ ఆడ దేవతలు. చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తెచ్చే పూజారులు మగవాళ్లు. కోయల్లో పెళ్లికొడుకు వైపు వాళ్లు ఓలి ఇచ్చే ఆచారం ఉండేది. ఇప్పుడు ఉద్యోగం ఉన్న అబ్బాయికి కట్నం అడుగుతున్నారు. ఓలి పోయి కట్నం ఎందుకొచ్చింది? దానివల్ల ఆడపిల్ల విలువ పెరిగిందా, తగ్గిందా? ఇప్పపువ్వు ఏరే చేతులు ఎవరివి, అమ్మిన డబ్బు దాచే చేతులు ఎవరివి? ముట్టు రోజుల్లో ఆడవాళ్లు విడిగా ఉండడం గురించి మన అవ్వలు ఏమంటారు, హాస్టల్లో చదివొచ్చిన మనవరాళ్లు ఏమంటారు? వీటిలో ప్రతి ఒక్కటీ ఒక పరిశోధనకు సరిపోయే ప్రశ్నే.

ఇవి ఉత్త పుస్తకాల ప్రశ్నలు కావు. ముదిగొండ పేరు చెబితే 2007 జూలై 28 గుర్తుకొస్తుంది. భూమి కోసం జరిగిన ఆందోళనపై పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. భూమి ఎంత ఖరీదైన మాటో ఈ నేలకు తెలుసు. మరి ఆ భూమి ఎవరి పేరున ఉండాలి? 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. కాబట్టి ఆడపిల్ల వాటా మన ఆచారం మీద ఆధారపడి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం పెళ్లయినవాళ్లకు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలంటుంది. ఇంటికి వెళ్లాక మీ పట్టాలో అమ్మ పేరుందో లేదో చూడండి.

2025 జూలై 17న సుప్రీంకోర్టు ఒక గోండు స్త్రీ వారసులు వేసిన కేసులో తీర్పు ఇచ్చింది. ఆడవాళ్లకు వాటా ఇవ్వకూడదనే ఆచారం ఉన్నట్టు రుజువు కాలేదు కాబట్టి సమాన వాటా ఇవ్వాలని చెప్పింది. రుజువు అన్న మాట గమనించండి. మన ఆచారం ఏమిటో రేపు కోర్టులో ఎవరు చెబుతారు? రాసిపెట్టినవాళ్ల మాటే ముందు నిలబడుతుంది.

ఇప్పటిదాకా రాసింది ఎక్కువగా బయటివాళ్లు. హైమన్‌డార్ఫ్ గోదావరి కొండల్లో తిరిగి, కొండరెడ్ల మీద 1945లో పుస్తకం వేశారు. ఆ శ్రమను గౌరవిద్దాం. కానీ బయటి నుంచి వచ్చిన పెద్దమనిషికి అవ్వ అన్నీ చెప్పదు. తన భాషలో పక్కన కూర్చుని అడిగే మనవరాలికి చెబుతుంది. తెలుగులో ఆ దారి ముందే వేసినవాళ్లున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన వాళ్లు సేకరించి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చారు. ఆ పుస్తకం ప్రతి ఒక్కరూ చదవాలి.

లైంగికత అనగానే కొందరు తల దించుకుంటున్నారు. సిగ్గుపడాల్సిన పని లేదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపడి కలిసిన పెద్దల మధ్య స్వలింగ సంబంధం నేరం కాదంది. నిజాం కాలం నాటి హిజ్రాల చట్టాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. అలాంటి పిల్లలు మన ఊళ్లలోనూ పుడతారు. ఊరు వెక్కిరిస్తే ఊరు విడిచిపోతారు. వాళ్లను నిలుపుకోవాలంటే ముందు అర్థం చేసుకోవాలి.

ఎక్కడ చదవాలి? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మహిళా అధ్యయన కేంద్రం ఉంది. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీలో ఈ రంగంలో ఎంఏ ఉంది. బ్రిటన్‌లోని మాంచెస్టర్‌లో సరిగ్గా ఈ పేరుతోనే ఎంఏ ఉంది. సాధారణంగా ఏ డిగ్రీ చేసినవాళ్లయినా చేరవచ్చు. డబ్బు సంగతి కూడా వినండి. పీహెచ్‌డీకి ఎస్టీ విద్యార్థులకు ఏటా 750 జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. విదేశీ చదువుకు కేంద్రం ఏటా 20 మందికి స్కాలర్‌షిప్ ఇస్తుంది. అందులో 3 కొండరెడ్ల వంటి ఆదిమ తెగలవారికే. మన జిల్లాల నుంచి ఎందరు దరఖాస్తు పెడుతున్నారు?

ఉద్యోగం వస్తుందా అని అమ్మానాన్నలు అడుగుతారు. అడగాల్సిందే. నెట్‌లో మహిళా అధ్యయనం ఒక సబ్జెక్టు, అది పాసైతే లెక్చరర్ కావచ్చు. సఖి కేంద్రాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఇలాంటి చదువు పనికొస్తుంది. పోటీ ఉంటుంది, ఇంగ్లీషు నేర్చుకోక తప్పదు. ఆ మాట దాచం.

ఒక్క పని అప్పగిస్తున్నాం. ఈ సెలవుల్లో మీ అవ్వ దగ్గర కూర్చోండి. ఆమె ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. ఆమె పెళ్లి ఎలా జరిగింది, ఓలి ఎంత, పోడు ఎవరు కొట్టారు, పంట ఎవరి చేతిలో పెట్టారు అని అడగండి. ఆమె చెప్పొద్దన్నది బయట చెప్పకండి. చెప్పమన్నది పోగొట్టకండి. సీటుకు, స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు నింపేటప్పుడు సంఘం మీ పక్కన ఉంటుంది.

జై ఆదివాసీ.