పిల్లలకు పరుగు నేర్పవలెనా?

చేపపిల్లకు ఈత నేర్పవలెనా యని సామెత. తల్లిదండ్రులు పెక్కురు ఈ సామెతతోనే తృప్తి పడుచున్నారు. పిల్లలు వారంతట వారే పరుగెత్తుదురు, దుముకుదురు, చేతికందినది విసరుదురు, ఇందు నేర్పవలసినదేమున్నది? "పరుగెత్తకు, పడుదువు; దుముకకు, కాలు విరుగును" అని వారించుటయే మన పని యని తలచుచున్నారు. పరుగు దానంతట వచ్చునన్నది నిజమే. కాని ఆగుట దానంతట రాదు. దుముకుట వచ్చును, క్షేమముగా నేలపై దిగుట రాదు. విసరుట వచ్చును, విసరక నిలుచుట బొత్తిగా రాదు.

మా చిన్ననాటి ముచ్చట యొకటి చెప్పెదము. అప్పుడు మాకు తొమ్మిదేండ్లు. వేసవి సెలవులలో ముగ్గురము కలిసి మామిడిచెట్టుపై రాళ్లు రువ్వుచుంటిమి. మా చేతినుండి రాయి వెడలిన క్షణముననే ఒక కాయ రాలెను. దానిని ఏరుటకై మిత్రుడు ముందునకు ఉరికెను. రాయి అతని కనుబొమపై తగిలెను. కన్ను వ్రేలెడు దూరమున తప్పెను. ఇంటివద్ద మాకు దెబ్బలు తగిలినవి. ఇక రాయి ముట్టినచో చేతులు విరుగగొట్టుదుమన్న ఆజ్ఞయు లభించెను. ఒకరు ఏరుచుండగా మరియొకరు విసరరాదని మాత్రము ఎవరును చెప్పలేదు. మరుసటి వారమునుండి పెద్దలకు కనబడని తోటలో విసరితిమి, అంతే భేదము.

ముందు పరుగు సంగతి. ఐదారేండ్ల పిల్లలకు పందెము పెట్టునపుడు పెద్దలు గోడనో గేటునో చూపి "దానిని ముట్టి రండి" అందురు. వేగముతో వచ్చు పిల్ల గోడను చూచి చేతులు చాచును. దేహభారమంతయు మణికట్టుపై పడును. ఎదుగుచున్న పిల్లల యెముకల చివరలయందు మృదులాస్థి పొర యుండును. ఎముక పొడవు పెరుగుట దాని వలననే. అక్కడ గట్టి దెబ్బ తగిలినచో ఆ యెముక యెదుగుదలయే చెడవచ్చును. కావున గమ్యరేఖను ఎప్పుడును ఖాళీస్థలము నడుమ గీయవలెను. 20 మీటర్ల పరుగునకు ఆవల మరి 10 మీటర్ల నేల యైనను ఉండవలెను. మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్న చిన్న అడుగులతో వేగము తగ్గించుట నేర్పవలెను. దీనికి ఆట యొకటి కలదు. రేడియోలో పాట వినిపించుచున్నంతసేపు పరుగు, ధ్వని తగ్గించగనే నిలుపు. మా పాటలకు ఈ ప్రయోజనము కూడ కలదని చెప్పుకొనుట మాకు గర్వకారణమే. చూపు ముందునకు ఉండవలెను, మోచేతులు వంచి ముందు వెనుకలకు ఊపవలెను. ఆ వయస్సున ఇంతకు మించిన పాఠము అక్కరలేదు.

దుముకుటయందు ఎత్తు ముఖ్యము కాదు, దిగుటయే ముఖ్యము. తొక్కుడుబిళ్ల ఆడు బాలికలను గమనింపుడు. ఒంటికాలిపై గంతు, గీత తొక్కక గడిలో నిలుచుట, తూలకుండ బిళ్లను పాదముతో నెట్టుట; ఇంతకంటె మంచి పాఠమును ఏ వ్యాయామశాల కల్పింపగలదు? ఆడపిల్లల ఆటయని దీనికి దూరమగుట మగపిల్లలకే నష్టము. రెండు కాళ్లపై దిగునపుడు పాదములు భుజముల వెడల్పున ఉండవలెను, మోకాళ్లు వంగవలెను, అవి లోనికి వాలరాదు. మేము చెవితో బ్రతుకువారము గనుక చెవికి సంబంధించిన పరీక్షయే చెప్పెదము: ధబ్బుమని చప్పుడైనచో మోకాళ్లు బిగిసియున్నవని యర్థము. పిల్లివలె దిగుమని చెప్పినచో పిల్లలకు వెంటనే తెలియును. మొదట నేలపై గీసిన గీతనుండి, పిమ్మట ఒక్క మెట్టునుండి. అంతకు మించి తొందర వలదు. సిమెంటు డాబా ఇందుకు పనికిరాదు. ఇసుక మేలైనది, కాని వాన కురిసిన పిదప ఇసుకయు గట్టిపడును. పారతో త్రవ్వి, గాజుపెంకులు ఏరి, ఆ పిమ్మటనే దుముకనీయవలెను.

విశాఖపట్టణమునకు చెందిన జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాకున జరిగిన ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగును 13.09 సెకండ్లలో ముగించి స్వర్ణపతకము గెలుచుకొనెను. అట్టి పరుగులు చూచిన పిల్లలు ఇటుకలు పేర్చి, కుర్చీలు వేసి దుముకబోవుట సహజము. క్రీడారంగమునందలి హర్డిల్ కాలు తగిలినచో ముందునకు ఒరిగిపోవునట్లు నిర్మింపబడినదని వారికి తెలియదు. ఇటుక ఒరగదు. ఖాళీ చెప్పుల పెట్టెలు చాలును. తగిలిన పెట్టె నలుగును, కాలు నలుగదు.

ఇక విసరుట. నీరజ్ చోప్రా 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో 87.58 మీటర్లు విసరి స్వర్ణము సాధించిన పిమ్మట పెరటిలోని కర్రలన్నియు బల్లెములుగా కనబడుట వింత కాదు. పెద్దవారి పోటీలలో పురుషుల బల్లెము 800 గ్రాములు తూగును. పసివారి భుజమునకు గుడ్డబంతియే తగినది. కుడిచేతితో విసరువారు ఎడమకాలు ముందుంచి, ప్రక్కకు తిరిగి, నడుమునుండి కదలి విసరవలెను. ఎడమచేతి వాటము గలవారికి ఇది తారుమారు. వారి చేయి మార్పింప యత్నించరాదు. అందరును ఒకే గీతపై నిలిచి ఒకే దిక్కునకు విసరవలెను. గీతకు ముందు ఎవరును ఉండరాదు. చివరి బంతి నేలపై ఆగిన పిమ్మట "తెండి" అని ఒకరు చెప్పవలెను. ఆ మాట వినబడువరకు బంతి కొరకు ఎవరును కదలరాదు. తమ్ముని బంతి కాలువలో పడబోవుచున్నను కదలరాదు.

5 మొదలు 17 ఏండ్ల వయస్సు గలవారికి సగటున దినమునకు 60 నిమిషములైనను చురుకైన దేహశ్రమ ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించెను. అది ఒక్క విడతనే కానక్కరలేదు. మన వేసవిలో ఎండ ముదురకముందు కొంత, ప్రొద్దు వాలిన పిదప కొంత, నడుమ మంచినీళ్లు. అలసితినన్న పిల్లను ఇంకొక చుట్టు తిరుగుమని నిర్బంధింపరాదు.

మా వాకిట సాయంకాలము చేరు పిల్లలలో "తెండి" అని చెప్పు అధికారమును వంతులవారీగా ఇచ్చుచున్నాము. ఆ పదవి కొరకు ప్రతిదినము తగవే. విసరుటకంటె ఆజ్ఞాపించుటయే వారికి రుచించినట్లున్నది.