నారలో చెయ్యి
(నెల్లిమర్లలో చేసిన స్మారకోపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆయన్ని నెల్లిమర్లలో పేరు పెట్టి చెప్పుకున్నవాళ్ళు తక్కువ. డ్రాయింగు మేష్టారంటే చాలు. నేను ఆయన దగ్గర రెండేళ్ళు చదివాను. బొమ్మ వెయ్యడం రాలేదు. బొమ్మ చూడడం కాస్త వచ్చింది, దాంతోనే ఇన్నాళ్ళూ పత్రికల్లో సమీక్షలు రాసుకొచ్చాను. అలాంటివాడికి విమర్శకుల గురించి చెప్పమని మైకు ఇవ్వడం దొంగ చేతికి తాళాలివ్వడమే. ఇచ్చారు కనక తీసుకుంటున్నాను.

నెల్లిమర్ల నార మిల్లు ఊరు కాబట్టి మిల్లుతోనే మొదలెడతాను. మా చిన్నప్పుడు పల్లెల నుంచి గోగునార బళ్ళ మీద వచ్చేది. దాన్ని చూసి కొనే పెద్దాయన ఒకడుండేవాడు. మోపు విప్పించి మోచేతి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చేవాడు. ముందు తడి చూసేవాడు; తూకం పెరగాలని నీళ్ళు చిలకరించే తెలివి మనవాళ్ళకు కొత్త కాదు. ఓ పోగు లాగి రెండు చేతులా పట్టి తెంపేవాడు. మొదలు వైపు బెరడు అంటుకుని ఉందేమోనని గోటితో గీకేవాడు. అప్పుడు గ్రేడు చెప్పేవాడు. అంతటితో ఊరుకుని ఉంటే ఆయన నాకు గుర్తుండేవాడు కాడు. "మొదళ్ళు సరిగా ఊరలేదు. వచ్చే ఏడు కట్టల్ని ముందు రెండ్రోజులు మొదళ్ళు నీళ్ళలో మునిగేలా నిలబెట్టు, తరవాత పడుకోబెట్టు" అనేవాడు. రైతు గ్రేడుకి లోపల తిట్టుకునేవాడు. మొదళ్ళ మాట మాత్రం ఇంటికి పట్టుకుపోయేవాడు.

కళల దగ్గరకొచ్చేసరికి మనం గ్రేడు ఉంచుకుని మొదళ్ళ మాట వదిలేశాం.

నా సంగతే చెబుతాను. పాతికేళ్ళ కిందట ఒక ఊళ్ళో నాటక పోటీలకు నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. ముందు వరసలో బల్ల, బల్ల మీద చిన్న లైటు, మంచినీళ్ళ సీసా, ఒక కాగితం. రచనకిన్ని, నటనకిన్ని, దర్శకత్వానికిన్ని, రంగాలంకరణకిన్ని, ఆహార్యానికిన్ని అని గళ్ళు. మూడు రాత్రుల్లో తొమ్మిది నాటికలు. ఆ కాగితం చేసే పనేమిటంటే, మన కళ్ళు రంగస్థలం మీద కంటే గళ్ళ మీదే ఎక్కువ ఉంటాయి. చివరి రాత్రి వేసిన నాటిక ఒక కార్మికుడి ఇంటి కథ. మిల్లు లాకౌట్లో ఉంది. కొడుకు ఊరొదిలి పోతాడు. ముసలి తల్లి గుమ్మం దాకా వెళ్ళి, ఇంకేమీ మాట్లాడకుండా లోపలికి పోతుంది. లైట్లన్నీ ఆరిపోయాయి. నేల మీద పెట్టిన హరికేన్ లాంతరు ఒక్కటీ చీకట్లో అలా వెలుగుతూనే ఉంది. తెర పడేదాకా హాల్లో ఎవరూ దగ్గలేదు. ఆ లాంతరుకు నా కాగితంలో గడి లేదు. రంగాలంకరణ కింద ఏదో వేశాను. నాటిక ఐదో స్థానంలోకి పోయింది. బాగా ఏడిపించినదానికి మొదటి బహుమతి ఇచ్చాం.

దర్శకుడు కుర్రాడు. పొద్దున్నే నా గదికొచ్చి, "మాది ఎందుకు పోయిందండి?" అని అడిగాడు. కాగితం చూపించాను. అంతకు మించి నా దగ్గర మాట లేదు.

ఈ పోటీలు పెట్టే పరిషత్తుల్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినప్పటి నుంచి తెలుగు నాటకానికి ఊపిరి నిలిపినవి అవే. అయితే పోటీ నాటిక అని ఒక జాతి తయారైంది: గంట నిడివి, ఒకే సెట్టు, ఒక సమస్య, చివర్న కన్నీళ్ళు. న్యాయనిర్ణేత దేనికి మార్కు వేస్తాడో తెలిసిన రచయిత దాన్నే రాస్తాడు. మనకు పది కిలోమీటర్ల అవతల, విజయనగరంలో, 1892లో జగన్నాథ విలాసినీ సభవారు ఆడిన 'కన్యాశుల్కం' ఈ పోటీలకొస్తే టైముకు ముగించలేదని తీసి పక్కన పెడతారు. ఆ నాటకం జనం మెప్పు పొందింది, 1897లో అచ్చయింది. గురజాడ దాన్ని అక్కడ వదల్లేదు. 1909లో వచ్చిన రెండో కూర్పు దాదాపు కొత్త నాటకం. మెప్పు వచ్చాక కూడా మొదళ్ళు ఊరలేదని తనకు తనే చెప్పుకున్న మనిషి.

జనం తీర్పు వేరే. పద్య నాటకాల రోజుల్లో వన్స్‌మోర్ అనేవాళ్ళు. చచ్చి పడున్న పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ అందుకుని, అయ్యాక మళ్ళీ చచ్చిపోయేదని చెప్పుకుంటారు. నాకు ఆ కేకంటే ఇష్టమే. అందులో అబద్ధం లేదు. కానీ ఆ రాగంలో ఎక్కడ ఒళ్ళు జల్లుమందో అది చెప్పదు. తప్పెటగుళ్ళ దగ్గర చూడండి, రొమ్ముకు కట్టిన తప్పెట మీద ఇరవైమంది ఒక్కసారిగా కొట్టి గెంతుతుంటే ఊరంతా ఈలలేస్తుంది. గట్టు మీద కూర్చున్న ముసలాయన మాత్రం "మూడోవోడి గజ్జె ఎనకబడతంది" అంటాడు. మన పల్లెల్లో విమర్శ అచ్చు కాకుండా బతికింది ఇలాంటి గట్ల మీదే.

తీర్పు ఎలా ఉండాలో మన దగ్గరే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాలు. విద్యార్థిగా చేరదామని పాతికేళ్ళ ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ పట్టుకొచ్చారు. విన్నారు. విద్యార్థిగా చేర్చుకోలేదు, వయొలిన్ గురువుగా వేసుకున్నారు. అడ్మిషన్ కాగితంలో అలాంటి గడి ఉండదు కదా! అచ్చు అలాగే రాజమండ్రిలో దామెర్ల రామారావనే కుర్రాడి గీతల్ని కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ముందుగా గుర్తుపట్టాడు. ఆ కుర్రాడు బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళాడు, 1925లో ముప్పై నిండకుండానే పోయాడు. ఇవాళ రాజమండ్రిలో ఆయన పేరున చిత్రశాల ఉంది.

ఇక చిత్రకళ మీద తెలుగులో కుదురుగా కూర్చుని రాసిన సంజీవదేవ్ ఏ నగరంలోనూ కాపురం లేరు. తుమ్మపూడి అనే పల్లెలో ఉండి, హిమాలయాల్లో చిత్రకారుడు రోరిక్ దగ్గర గడిపిన రోజుల్ని, తను చూసిన రంగుల్ని తెలుగు వాక్యంలోకి తెచ్చారు. చదివితే బొమ్మ చూడాలనిపిస్తుంది. బొమ్మకెన్ని మార్కులో మాత్రం తెలీదు. మేష్టారు నాకిచ్చిన మొదటి పుస్తకం ఆయనదే.

ఆ నాటిక కుర్రాడి సంగతి మిగిలిపోయింది. మొన్న విజయనగరం బస్టాండులో కనిపించాడు, జుట్టు నెరిసింది. పాత బాకీ తీర్చుకుందామని పక్కన కూచోబెట్టి చెప్పాను. ఆఖర్న లాంతరు ఆర్పకుండా వదిలెయ్యడం ఎంత గొప్ప ఆలోచనో, ఆ ఇంట్లో కొడుకు కోసం ఎదురుచూపు ఇంకా ఉందని ఒక్క మాట లేకుండా ఎలా తెలిసిందో పావుగంట వర్ణించాను. శ్రద్ధగా విన్నాడు.

"అది ఆర్పీయాలి గురూగారూ," అన్నాడు. "తల్లి యేసం కట్టిన పిల్ల మర్చిపోనాది."