మొరాయించే పాత ట్రాక్టరు: పొగను అడిగితే జబ్బు తెలుస్తుంది

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు వచ్చి లెక్కల పుస్తకాలు వదిలేసి ట్రాక్టరు గురించి మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. కానీ మేతకో, పాల క్యాన్లకో పాత ట్రాక్టరు ఉంచుకున్న సంఘాల్లో 'రిపేరు ఖర్చు' అనే పద్దు నాకు ఏటా ఎదురవుతూనే ఉంటుంది. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివి ఈ శాఖలోకి వచ్చినవాణ్ణి. అయినా ఒక సంఘంలో ఆ పద్దుకు ఏమీ అడగకుండానే టిక్కు పెట్టాను. ముందు ఆ సంగతి చెబుతాను.

అది కాలువ కింద ఊరు. సంఘం ట్రాక్టరు దాని డ్రైవరు కంటే వయసులో పెద్దది. ఏడాదిలో రెండు బ్యాటరీలు కొన్నారు, సెల్ఫు ఒకసారి విప్పించారు. జనవరిలో ఒక పొద్దున బండి లేవలేదు. పదకొండు క్యాన్ల పాలు శీతల కేంద్రానికి ఆలస్యంగా చేరి, పులిసి వెనక్కి వచ్చాయి. డ్రైవరు అజాగ్రత్తే కారణమని కమిటీ తీర్మానం రాసి, ఆ నష్టాన్ని అతని జీతంలోంచి విరగ్గోయడం మొదలుపెట్టింది. మినిట్స్ పుస్తకంలో ఆ తీర్మానం చదివి నేనూ పేజీ తిప్పేశాను.

డ్రైవరు మాత్రం ఒకే మాట చెబుతూ వచ్చాడు: "అయ్యా, పొద్దున ఒక్కసారే బాధ. ఒకసారి లేచిందంటే సాయంత్రం దాకా తాళం తిప్పగానే అందుకుంటుంది." జబ్బంతా ఆ మాటలోనే ఉంది. వినిపించుకున్నవాళ్లం లేము.

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. సైకిల్ పంపు గట్టిగా కొడితే అడుగు వేడెక్కడం మీరెరుగుదురు. ఇంజనులో గాలిని పదహారు, పదిహేడో వంతుకు నొక్కేసరికి అది నిప్పులా కాగుతుంది. అందులో డీజిల్ మంచు తుంపరలా పడగానే అంటుకుంటుంది. కాబట్టి మూడే మూడు కావాలి: ఇంజను తగినంత వేగంగా తిరగడం, డీజిల్ అందడం, గాలి బాగా నలగడం. ఏది తప్పిందో ముందు తేల్చుకుని, తరువాతే రెంచి పట్టుకోవాలి.

మొదట చెవి పెట్టి వినండి. సెల్ఫు మూలుగుతూ నెమ్మదిగా తిప్పుతుంటే కరెంటు వైపు లోపం. నిండా చార్జయిన బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. అది సరిగా ఉన్నా తిరగడం లేదంటే, సెల్ఫు కొట్టిన వెంటనే టెర్మినళ్లనూ, ఎర్త్ తీగ చాసిస్‌కు బిగించిన చోటునూ చేత్తో తాకి చూడండి. ఎక్కడ వేడిగా ఉంటే అక్కడ బిగువు లేదు, లేదా తుప్పు పట్టింది. సార్వా దమ్ముల్లో ఇనుప చక్రాలు చిమ్మిన బురదనీళ్లు అక్కడే చేరతాయి. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే పోయేదానికి కొత్త బ్యాటరీ కొనవద్దు.

ఇంజను హుషారుగా తిరుగుతూ లేవకపోతే, ఇక సైలెన్సరు వైపు చూడండి.

పొగ బొత్తిగా రాకపోతే డీజిల్ అందడం లేదు. ఇంజను ఆపే నాబు లోపలికి పూర్తిగా వెళ్లిందా, ట్యాంకు కాక్ తెరిచి ఉందా, ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మట్టితో పూడిందా, ఫిల్టరు మూసుకుపోయిందా, వరసగా చూడండి. అన్నీ బాగుంటే లైనులో ఎయిర్ పట్టినట్టే. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతి లివరు కొట్టండి. నురగ పోయి శుభ్రమైన డీజిల్ ధారగా వచ్చాక బిగించండి. తరువాత పెద్ద పంపు దగ్గర అలాగే చేయండి. చివర ఇంజెక్టరు గొట్టాల నట్లు కాస్త వదులు చేసి, సెల్ఫు కొట్టి, డీజిల్ కనబడగానే బిగించండి. అక్కడ చెయ్యి అడ్డం పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది.

తెల్ల పొగ వస్తుంటే డీజిల్ అందుతోంది గాని అంటుకోవడం లేదు. నాజిల్ తుంపర చేయక కారుతుండవచ్చు, కవాటాలు సరిగా మూసుకోకపోవచ్చు, రింగులు అరిగి ఉండవచ్చు. ఇంజను ఆయిల్ కూడా తగ్గిపోతూ, బ్రీదరు గొట్టంలోంచి పొగ కొడుతుంటే రింగుల మీదే అనుమానం. ఇది ఆటోనగర్ పని, మన చావిట్లో అయ్యేది కాదు. చిక్కని నల్ల పొగయితే ముందు ఎయిర్ క్లీనరు విప్పండి. నూర్పిళ్లలో గడ్డి నుసి, ఖాళీగా ఉన్నప్పుడు కందిరీగ గూడు దాన్ని మూసేస్తాయి.

ఇక ఆ సంఘం బండి సంగతి. ఒకనాడు తెల్లవారకముందే వెళ్లి నిలబడ్డాను. ఇంజను బాగానే తిరిగింది, పొగ లేదు. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఒక మూర పారదర్శకపు గొట్టం తగిలించి చూస్తే బుడగలు వరసగా వస్తున్నాయి. ఒక జాయింటులో రాగి వాషరు నలిగిపోయింది. రాత్రంతా అక్కడ గాలి దూరి, డీజిల్ ట్యాంకులోకి జారిపోతోంది. పంపు పీల్చే వైపు లోపం గనక బయటికి చుక్క కారదు. అందుకే ఎవరికీ కనబడలేదు. పొద్దున్నే చాలాసేపు తిప్పితే డీజిల్ అందేది. కొత్త బ్యాటరీ ఉన్నన్నాళ్లు ఆ తిప్పడం సాగింది. ఆ తిప్పుడుకే బ్యాటరీ చచ్చింది. అందరం చచ్చిన బ్యాటరీని చూశాం, చంపినదాన్ని చూడలేదు.

తీర్మానం రద్దయింది, జీతంలో కోసిన డబ్బు తిరిగి ఇచ్చారు. ఆ రోజు డ్రైవరు నన్నేమీ అనలేదు. అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

రెండు హెచ్చరికలు. కింద నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫు టెర్మినళ్లు కలపవద్దు. బండి గేరులో ఉంటే లేచిన క్షణమే పెద్ద చక్రం మీదికి వస్తుంది. హీటరు ఉన్న ఇంజనులోకి ఈథరు స్ప్రే కొట్టవద్దు, పేలుతుంది. సెల్ఫు కూడా ఒక విడతకు పది సెకన్లు మించకూడదు, తరువాత ఒక నిమిషం ఆగాలి.

దమ్ములు అయ్యాక నూర్పిళ్ల దాకా బండి నిలబెట్టేవారు ట్యాంకు నిండా డీజిల్ పోసి ఉంచండి. సగం ఖాళీ ట్యాంకులో వానాకాలపు తేమ నీరుగా దిగుతుంది. ఫిల్టరు అడుగున చేరిన నీరు అప్పుడప్పుడు వదలండి. పదిహేను రోజులకోసారి ఇంజను నడపండి. 1971లో పింజోరులో మొదలైన హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల తయారీ 2016లో మూతపడింది. అటువంటి పాత బండ్లను కాపాడుకోవలసింది మనమే.

కార్యదర్శులకు ఒక మనవి. ట్రాక్టరుకు ఒక లాగ్ పుస్తకం పెట్టండి. ఏ పూట, ఎన్నిసార్లు తిప్పితే లేచింది, పొగ ఏ రంగు అని డ్రైవరు చెప్పింది చెప్పినట్టు రాయండి. రిపేరు వోచరు వెనక ఆ పేజీ నకలు జతచేయండి. ఇకమీదట నేను తనిఖీకి వస్తే ముందు ఆ పుస్తకమే అడుగుతాను.