పేదవాని బుట్టలో ఏమి యుండవలెను?

దుకాణములో డబ్బు చెల్లించు చోట ఒక తల్లి నిలిచియున్నది. ఆమె బుట్టలో పాలు, రొట్టె, చిక్కుడుగింజలు, వాని నడుమ ఒక తీపి శీతలపానీయపు సీసా కలవు. ప్రభుత్వ మిచ్చిన కార్డుతో ఆమె వెల చెల్లించుచున్నది. వెనుక నిలిచినవారి చూపు పాలమీద పడదు, సీసామీదనే పడును. అమెరికాలో చిరకాలముగా సాగుచున్న ఒక వాదమంతయు ఆ చూపులో ఇమిడియున్నది.

ఈ సహాయము 1939 మే నెలలో, న్యూయార్క్ రాష్ట్రమందలి రోచెస్టర్ నగరమున ఆరంభమైనది. పేదలు ఒక డాలరుకు నారింజరంగు స్టాంపులు కొనినచో, అర డాలరు విలువగల నీలిరంగు స్టాంపులు ఉచితముగా లభించెడివి. నీలి స్టాంపులతో దేశమున మిగులుగా నున్న ఆహారపదార్థములనే కొనవలెను. 1943లో నిలిచిపోయిన ఈ ఏర్పాటు 1964లో చట్టమైనది. 2008లో దీనికి ‘స్నాప్’ అను పేరు వచ్చినది. 2024లో నెలకు సుమారు 4 కోట్లమంది దీనివలన ఆహారము పొందిరి.

మన చౌకడిపోలో బియ్యము తూచి యిత్తురు. అక్కడ కార్డులో సొమ్ము వేయుదురు. ఏమి కొనవలెనో నిర్ణయించుట కుటుంబమునకే వదలివేయబడినది. చిక్కంతయు అక్కడనే పుట్టినది.

మద్యమును, పొగాకును ఆ సొమ్ముతో కొనరాదు. శీతలపానీయములను సయితము నిషేధింప ననుమతింపుమని న్యూయార్క్ నగరము 2010లో కోరగా, కేంద్ర వ్యవసాయశాఖ 2011లో నిరాకరించినది. 2025లో ఆ శాఖయే మనసు మార్చుకొని, మొదట నెబ్రాస్కాకును, పిదప మరికొన్ని రాష్ట్రములకును అట్టి అనుమతి నిచ్చినది.

నిషేధము కోరువారి మాట త్రోసివేయదగినది కాదు. పోషణకై యిచ్చిన ప్రజాధనము మధుమేహమునకు దారితీసినచో, చికిత్సకు మరల ప్రజాధనమే వ్యయమగును గదా! కాని దోషము పేదలదేనా? ఒక పెద్ద దుకాణసంస్థ అమ్మకములను పరిశీలించి వ్యవసాయశాఖ 2016లో ఒక నివేదిక ప్రకటించినది. ఆహారమునకై వెచ్చించిన ప్రతి 100 డాలర్లలో తీపిపానీయములకు స్నాప్ కుటుంబములు సుమారు 9 డాలర్లును, ఇతర కుటుంబములు 7 డాలర్లును వెచ్చించినవట. అలవాటు దేశమంతటిది, నిందమాత్రము ఒక్కరిది.

మఱియొక మార్గము కలదు. మసాచుసెట్స్ రాష్ట్రమందలి హాంప్డెన్ కౌంటీలో 2011, 2012 సంవత్సరములలో ఒక ప్రయోగము జరిగినది. పండ్లకు, కూరగాయలకు డాలరు వెచ్చించినవారి కార్డులో 30 సెంట్లు తిరిగి జమచేసిరి. అట్టివారు తక్కినవారికంటె సుమారు నాలుగవవంతు అధికముగా వానిని భుజించిరి.

కావున, సీసాను లాగికొనుటకంటె పండును చేరువ చేయుట మేలని మేము తలంచుచున్నాము. నిషేధించిన సీసాను చేతిలోని చిల్లరతో కొనవచ్చును. చవకయైన పండు ఇంటికి చేరినచో బిడ్డలు తిందురు. మఱియొక వింత గలదు: ఆ కార్డుతో దుకాణములోని వేడి కోడిమాంసమును కొనుటకు సామాన్యముగా వీలులేదు. దినమంతయు పనిచేసి వచ్చిన ఆ తల్లికి వేడి భోజనము నిరాకరించిన నియమమును ముందుగా సవరించి, పిమ్మట ఆమె బుట్టను పరీక్షించుట న్యాయము.